నీకేం తక్కువ చేశాం?

2017లో, ఇంకా నా పిహెచ్‌డి పూర్తికాని రోజుల్లో, హైదరాబాద్‌లో ఒక సదస్సులో పత్రం చదివాను. గూగీ వా థియోంగో నవలల్లోని స్త్రీల మీద. పత్రం చివర్లో కాస్త ఆవేశపడి, వలస పాలకుల కాలంలో మిషనరీ చేతిలో బైబిల్ ఎలా వచ్చిందో ఇప్పుడు ఆఫ్రికాకి సెల్‌ఫోనూ కంప్యూటరూ అలాగే వచ్చాయని, అభివృద్ధి పేరుతో వచ్చే ప్రతి యంత్రం వెనకా ఒక కొత్త యజమాని ఉంటాడని రాశాను. చప్పట్లు బాగానే పడ్డాయి. టీ విరామంలో, కెన్యా నుంచి వచ్చి మా దగ్గర పరిశోధన చేస్తున్న స్నేహితురాలు నా పక్కన నిలబడింది. బిస్కెట్ టీలో ముంచుకుంటూ "నీ పత్రంలో మా అమ్మ లేదు" అంది.

వాళ్ళమ్మది న్యేరి వైపు ఒక పల్లె. తేయాకు కోస్తుంది, మిగిలిన రోజుల్లో కూరగాయలు అమ్ముతుంది. భర్తకి నైరోబీలో కాపలా ఉద్యోగం. ఆయన ఇంటికి డబ్బు పంపాలంటే ఊరి వైపు వెళ్ళే మటాటు డ్రైవరు చేతికి కవరిచ్చేవాడట. మటాటు అంటే మన షేర్ ఆటోకీ ప్రైవేటు బస్సుకీ మధ్యరకం బండి. కవరు ఒక్కోసారి పల్చబడి చేరేది, ఒక్కోసారి చేరేదే కాదు. ఈయన పంపానంటాడు, డ్రైవరు ఇచ్చేశానంటాడు, ఈలోగా పిల్లల బడి ఫీజు గడువు దాటిపోయేది. ఫోన్లో డబ్బు పంపే పద్ధతి వచ్చాక ఆ బాధ పోయింది. "మెసేజ్ వచ్చిన చప్పుడు విన్నాకే మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. నువ్వేమో దాన్ని బైబిల్ అంటున్నావు" అంది.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించి, నిర్మాణం వేరు, వ్యక్తి అనుభవం వేరు అని ఏదో అన్నాను. ఆమె నవ్వింది. ఆమె ఇప్పుడు తన దేశం వెళ్ళిపోయి పాఠాలు చెప్పుకుంటోంది. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ప్రశ్న చూడ్డానికి చిన్నదే. మేలు జరిగింది, అది నిజమైన మేలు. మేలు పొందినవాళ్ళకి ఇంకా అడగడానికి ఏమైనా మిగులుతుందా? మనకిది కొత్త ప్రశ్నేం కాదు. ఆడపిల్లలుగా పెరిగిన వాళ్ళలో "నీకేం తక్కువ చేశాం?" అన్న మాట వినని వాళ్ళు అరుదు. చదువుకోనిచ్చాం, కట్టుకోడానికి ఇచ్చాం, మంచి సంబంధం చూశాం, ఇంకా ఏమిటి నీ గొడవ? ఆ వాక్యానికి జవాబు చెప్పడం ఎందుకంత కష్టమంటే, అందులోని లెక్కలన్నీ సాధారణంగా నిజమే. ఏదీ తక్కువ చేసి ఉండరు. ఇచ్చినవాటి జాబితా చదివితే అడిగిన మనిషి కృతఘ్నురాలిగా తేలుతుంది. గత ఇరవై ఏళ్ళుగా ఆఫ్రికా దేశాల గురించి, సమాచార సాంకేతికత గురించి నేను చదివిన నివేదికల్లో చాలావాటికి ఇదే స్వరం ఉంది. ఇన్ని కోట్ల మందికి ఫోన్లు వచ్చాయి, ఇన్ని లక్షల మందికి ఖాతాలు వచ్చాయి, ఇన్ని వేల ఉద్యోగాలు వచ్చాయి. ఇంకా ఏం తక్కువ?

అన్నట్టు, "ఆఫ్రికా" అని ఒకే ఊరేదో ఉన్నట్టు మాట్లాడే అలవాటు నాకూ ఉంది, ఆ పత్రంలో అదే చేశాను. యాభై నాలుగు దేశాలు. రువాండా కథ వేరు, ఘనా కథ వేరు. నాకు కాస్తో కూస్తో తెలిసింది కెన్యా. అది కూడా నవలల ద్వారా, ఒక స్నేహితురాలి ద్వారా. అక్కడికే పరిమితమవుతాను.

ఆమె చెప్పిన ఆ పద్ధతి పేరు ఎం-పెసా. సఫారీకామ్ అనే ఫోన్ కంపెనీ 2007 మార్చిలో మొదలుపెట్టింది. ఎం అంటే మొబైల్, పెసా అంటే స్వాహిలీలో డబ్బు. ఆ పెసా మన పైసానే. హిందూ మహాసముద్రం మీద వ్యాపారంతో పాటు వెళ్ళిన మాట. బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాలో 1920 దాకా చెలామణీలో ఉన్నది రూపాయే. అక్కడ రైలుమార్గం వేయడానికి వెళ్ళిన కూలీలూ, దుకాణాలు పెట్టడానికి వెళ్ళిన గుజరాతీలూ, ఆ రూపాయి ఇచ్చిన తెల్లదొరలూ అందరూ ఆ చిన్న మాటలో ఉన్నారు. ఒక సాంకేతికత ఒక దేశానికి "వచ్చింది" అనేటప్పుడు మనం మర్చిపోయేది ఇదే, అది ఖాళీ నేల మీద దిగదు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2005లో ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు దాని ఉద్దేశం ఇంటికి డబ్బు పంపడం కాదు. సూక్ష్మరుణాలు తీసుకున్నవాళ్ళు వాయిదాలు ఫోన్లోనే కట్టేయాలన్నది ఆలోచన. బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి సహాయ నిధి నుంచి కొంత, వొడాఫోన్ నుంచి కొంత డబ్బు పెట్టి దాన్ని తయారుచేశారు. ప్రయోగంలో చేరినవాళ్ళు మాత్రం వాయిదాలు కట్టడంతో ఆగకుండా ఒకరికొకరు డబ్బు పంపుకోవడం మొదలుపెట్టారు. ఆ పక్కన ఉగాండాలో అప్పటికే జనం ఇంకో కిటుకు కనిపెట్టుకున్నారు. పట్నంలో ఉన్నాయన ప్రీపెయిడ్ కార్డు కొని, దాని మీది నంబరు ఊళ్ళో ఫోన్ నడిపే ఆమెకి చదివి వినిపిస్తాడు. ఆమె ఆ టాక్‌టైమ్ తన ఫోన్లో వేసుకుని, కొంత కమిషన్ పట్టుకుని, మిగతాది నగదుగా ఇంట్లోవాళ్ళకి ఇచ్చేస్తుంది. దానికి బ్యాంకూ లేదు, కన్సల్టెంటూ లేడు. అలాంటి అవసరాన్ని చూశాకే కంపెనీ తన పథకం మార్చుకుని, ఇంటికి డబ్బు పంపండి అని ప్రకటన ఇచ్చింది.

అంటే వాళ్ళమ్మలాంటి వాళ్ళు ఎవరో తెచ్చిచ్చింది పుచ్చుకున్నవాళ్ళు కారు. దాన్ని పనికొచ్చేలా మార్చినవాళ్ళు. నా పత్రంలో ఆమె లేదన్న మాటకి అసలర్థం ఇదేనని ఇప్పుడనిపిస్తుంది. నేను యజమానిని చూపించే తొందరలో, పనిముట్టుని తిప్పి పట్టుకున్న చెయ్యిని చూడలేదు. గమ్మత్తేమిటంటే అభివృద్ధి నివేదికలు కూడా ఆ చెయ్యిని చూడవు. వాటిలో ఆమె "లబ్ధిదారు". నేను బాధితురాలు అన్నాను, వాళ్ళు లబ్ధిదారు అన్నారు. రెండింట్లోనూ ఆమె కర్మే, కర్త కాదు.

లబ్ధి ఎంత అంటే లెక్క ఉంది. తవనీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2016లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం ప్రకారం ఎం-పెసా వల్ల 1,94,000 కుటుంబాలు, అంటే కెన్యా కుటుంబాల్లో సుమారు 2 శాతం, పేదరికం నుంచి బయటపడ్డాయి. 1,85,000 మంది స్త్రీలు వ్యవసాయం పనుల నుంచి చిన్న వ్యాపారాల్లోకి మారారు. స్త్రీలే పెద్దదిక్కుగా ఉన్న ఇళ్ళలో ఫలితం ఎక్కువ. దీన్ని 2019లో మిల్‌ఫోర్డ్ బేట్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు గట్టిగా ఖండించారు. ఆ చిన్న వ్యాపారాలు ఎన్ని మూతపడ్డాయో లెక్కలోకి రాలేదని, అప్పుల భారం లెక్కలోకి రాలేదని, వచ్చిన లాభంలో పెద్ద భాగం దేశం దాటిపోతోందని వాళ్ళ వాదన. నేను ఆర్థికశాస్త్రం మనిషిని కాను, ఎవరి లెక్క సరైనదో తేల్చలేను. కానీ వ్యవసాయం నుంచి "వ్యాపారం"లోకి మారడం అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. మన ఊళ్ళలో పొలం పోయి రోడ్డు పక్కన టీ బడ్డీ పెట్టుకున్న ఆడవాళ్ళని ఏ గడిలో వేస్తారు? అది ఎదగడమా, గత్యంతరం లేకపోవడమా? బహుశా రెండూ. లెక్కల పట్టికలో మాత్రం ఒక్క గడే ఉంటుంది.

అమర్త్య సేన్ ఈ తేడాని చాలాకాలం కిందటే చెప్పాడు. మనిషి శ్రేయస్సు ఒకటి, మనిషి కర్తృత్వం ఇంకొకటి. తిండి, ఆరోగ్యం, ఆదాయం పెరగడం మొదటిది. తన జీవితం ఎటు పోవాలో తను నిర్ణయించుకోగలగడం, నిర్ణయాల్లో పాలుపంచుకోగలగడం రెండోది. స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు మొదటిదానితో సరిపెట్టుకోకూడదని ఆయన 1999 నాటి పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాడు. అయితే ఆయన తర్వాత వచ్చినవాళ్ళు ఆ రెండోదాన్ని కూడా మొదటిదానికి పనిముట్టు చేసేశారన్నది నా ఫిర్యాదు. స్త్రీ చేతికి డబ్బిస్తే పిల్లలు బాగుపడతారు, ఊరు బాగుపడుతుంది, దేశం బాగుపడుతుంది. కాబట్టి ఆమె చేతికివ్వండి. ఆమె మాత్రం ఎక్కడా ఆగదు, డబ్బులాగే ఆమె గుండా కూడా ప్రవహించాల్సిందే.

కర్తృత్వం అనేది పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ నాకది అర్థమైంది మా ఇంట్లో ఓటీపీ దగ్గర. మా అన్నయ్య అమెరికా నుంచి వచ్చినప్పుడు అమ్మకి మంచి ఫోన్ కొనిచ్చి, అందులో బ్యాంకు యాప్ పెట్టాడు. అమ్మకి మతిమరుపని, మోసాలు ఎక్కువయ్యాయని, రహస్య సంఖ్య తన ఫోన్‌కి వచ్చేలా ఏర్పాటు చేశాడు. ఖాతా అమ్మది, పెన్షన్ అమ్మది. పక్కింటి ఆవిడ కూతురి పెళ్ళికి వెయ్యినూటపదహార్లు పంపాలంటే మాత్రం డల్లాస్‌లో తెల్లవారేదాకా ఆగాలి. ఆ వెయ్యి ఎందుకో చెప్పాలి. అన్నయ్య ఎప్పుడూ కాదనలేదు, అది న్యాయంగా చెప్పాలి. అయినా అమ్మ క్రమంగా అడగడం మానేసి, కూరగాయల డబ్బుల్లో మిగిల్చి పోపులడబ్బాలో దాచుకోవడం మొదలుపెట్టింది. మా అమ్మమ్మ దాచుకున్న చోటే. ఒకసారి నేను ఈ సంగతి అన్నయ్యతో అంటే, నిజంగానే నొచ్చుకుని, "అమ్మకి నేనేం తక్కువ చేశాను?" అన్నాడు. ఏమీ తక్కువ చేయలేదు. ఇది మా అన్నయ్య మీద ఫిర్యాదు కాదని చదివేవాళ్ళు అర్థం చేసుకుంటారనుకుంటాను.

ఎం-పెసా వచ్చిన తొలి రోజుల్లో కెన్యా పల్లెల్లోని స్త్రీలు కూడా అచ్చం ఈ పోపులడబ్బా పనే చేశారని అక్కడ తిరిగిన పరిశోధకులు రాశారు. భర్తకి తెలియని చిన్న మొత్తాలు, నాలుగంకెల రహస్య సంఖ్య వెనక. అక్కడ ఫోనే పోపులడబ్బా అయింది. ఇక్కడ అదే ఫోను అమ్మని పోపులడబ్బా దగ్గరికి వెనక్కి పంపింది. వస్తువు ఒకటే. తాళం ఎవరి దగ్గర ఉందన్నదే తేడా. ఇంకా ఫోనే చేతికి రానివాళ్ళ సంగతి వేరు. సహారాకి దిగువన ఉన్న దేశాల్లో ఫోన్లో ఇంటర్నెట్ వాడే స్త్రీలు పురుషుల కంటే దాదాపు మూడో వంతు తక్కువ.

ఇక ఆ తాళం సంగతి. 2012 నవంబరులో ఎం-పెసాకి అనుబంధంగా ఎం-ష్వారీ అని అప్పుల పథకం వచ్చింది. కాగితం లేదు, పూచీ లేదు, ఫోన్లో నాలుగు మీటలు నొక్కితే అప్పు. ముప్ఫై రోజుల గడువు, ఏడున్నర శాతం రుసుము. మన పల్లె లెక్కలో చెప్తే ఏడున్నర రూపాయల వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణే మనం రక్తం తాగేవాడంటాం. అప్పు ఎవరికివ్వాలో ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్ళూ ఎవరు ఎవరికి ఎంత పంపారో ఫోన్‌కి తెలుసు గనక. వాళ్ళమ్మ ఏ మెసేజ్ చప్పుడు విని ఎసరు పెట్టేదో ఆ మెసేజ్‌ల వరసే ఆమె పరపతి పత్రం. తనకి మేలు చేసిన పని తన గురించి సాక్ష్యంగా పోగవుతోందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. సమ్మతి తీసుకున్నామంటారు. ఆ సమ్మతి ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, కింద "సరే" అన్న మీటతో ఉంటుంది. పెళ్ళిచూపుల్లో తలొంచుకున్న పిల్లని చూసి "అమ్మాయికి ఇష్టమే" అనేసేవాళ్ళం మనం. సమ్మతి అంటే ఏమిటో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత యాప్‌లు వచ్చాయి. ఫోన్లోని పేర్లన్నీ చదివి, కట్టకపోతే ఆ పేర్లన్నిటికీ ఫోన్ చేసే రకం. ఇక్కడ తెలుగు పాఠకులకి నేను వివరించాల్సింది తక్కువ. 2010లో సూక్ష్మరుణాల కిస్తీలు కట్టలేక ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకున్నప్పుడు, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పదేళ్ళు గడిచాక, 2020 డిసెంబరులో, తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులకి వరసగా ఆత్మహత్యలు జరిగాయి. మొదటిసారి గుమ్మం ముందు మనుషులు వచ్చి కూర్చున్నారు, రెండోసారి ఫోన్లోనే కూర్చున్నారు. కెన్యాలో కూడా అదే కాలంలో అదే అవమానం. అక్కడ 2021 డిసెంబరులో చట్టం సవరించి, 2022 మార్చిలో నిబంధనలు తెచ్చేదాకా ఈ డిజిటల్ వడ్డీ వ్యాపారుల మీద కేంద్ర బ్యాంకుకి అజమాయిషీయే లేదు. నా స్నేహితురాలి తమ్ముడు 2019లో అలా ఒక యాప్‌లో అప్పు తీసుకున్నాడు. కట్టలేకపోయాడు. వసూలు చేసేవాళ్ళు అతని ఫోన్లో ఉన్న చర్చి పాస్టర్‌కి, స్కూలు మాస్టారుకి, వాళ్ళమ్మ పొదుపు సంఘం అధ్యక్షురాలికి ఫోన్ చేశారు. ఆ సంగతి మళ్ళీ చెప్తాను.

పైసా లాగే మన వైపు నుంచి వెళ్ళిన మాట నైరోబీలో ఇంకొకటి ఉంది. సమ. సంస్కృతంలో సమానం అన్న అర్థంలోనే ఆ పేరు పెట్టారు. లీలా జనా అనే భారతీయ మూలాలున్న అమెరికన్ యువతి 2008లో సమాసోర్స్ అన్న సంస్థ మొదలుపెట్టింది. పేదలకి దానం వద్దు, పని ఇద్దాం, కంప్యూటర్ పని ఇద్దాం అన్నది ఆమె నమ్మకం. ఆమె 2020 జనవరిలో, ముప్ఫై ఏడేళ్ళకే క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ నమ్మకాన్ని వెక్కిరించాలని నాకు లేదు. మురికివాడల్లో ఉండే యువతకి, అందులో సగం ఆడపిల్లలకి, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఇప్పించాలని అనుకోవడంలో వెక్కిరించడానికేముంది?

ఆ సంస్థే తర్వాత సమ అనే కంపెనీగా, నైరోబీలో ఫేస్‌బుక్ కోసం ఒక పని చేపట్టింది. జనం పెట్టే బొమ్మలూ వీడియోలూ చూసి వాటిలో ఉండకూడనివి ఏరిపారేసే పని. తలలు నరకడం, పసిపిల్లల మీద అఘాయిత్యాలు, ఆత్మహత్యలు. రోజంతా, సెకన్ల లెక్కన. డేనియల్ మొటాంగ్ అనే దక్షిణాఫ్రికా యువకుడు 2019లో ఆ పనిలో చేరాడు. సంఘం పెట్టబోయినందుకే తనని తీసేశారని 2022 మేలో ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా మీదా, సమ మీదా కెన్యా కోర్టులో కేసు వేశాడు. 2023 జనవరిలో టైమ్ పత్రిక ఇంకో సంగతి బయటపెట్టింది. చాట్‌జీపీటీకి మంచీ చెడూ నేర్పడం కోసం చెడు రాతలన్నీ చదివి గుర్తులు పెట్టిన కెన్యా పనివాళ్ళకి చేతికందింది గంటకి 1.32 నుంచి 2 డాలర్ల మధ్య. స్థానిక జీతాలతో పోలిస్తే అది మెరుగేనని సమర్థన. ఈ సమర్థన కూడా ఎక్కడో విన్నట్టు లేదూ? పక్కింటాయన కొడతాడు, మీ ఆయన కొట్టడు కదా, ఇంకేం?

మెటా కోర్టులో వినిపించిన వాదన నన్ను ఇంకా ఆలోచింపజేసింది. మేం కెన్యాలో లేము, మాకిక్కడ ఆఫీసు లేదు, కాబట్టి మమ్మల్ని విచారించే అధికారం ఈ కోర్టుకి లేదు. 2023 ఫిబ్రవరిలో కార్మిక న్యాయస్థానం ఈ వాదన కొట్టేసింది, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు కూడా కొట్టేసింది. ఉద్యోగాలిచ్చామని చెప్పుకునేటప్పుడు అక్కడ ఉన్నవాళ్ళు, జవాబు చెప్పాల్సి వచ్చేసరికి అక్కడ లేరు. 2024 డిసెంబరు నాటికి ఆ పని చేసినవాళ్ళలో 140 మందికి పైగా తీవ్రమైన మానసిక గాయంతో ఉన్నారని నైరోబీలోని వైద్యుడి నివేదికలు కోర్టుకి చేరాయి.

ఈ పని చేయొద్దని కూడా అనలేం, చిక్కంతా అక్కడే ఉంది. 2021 నవంబరులో ఇథియోపియాలో మెయరెగ్ అమరె అనే రసాయనశాస్త్ర ఆచార్యుణ్ణి, ఫేస్‌బుక్‌లో ఆయన మీద ద్వేషం రాతలు వచ్చాక, ఇంటి ముందే కాల్చి చంపారు. ఆ రాతలు తీసేయమని ఎంత మొరపెట్టుకున్నా తీయలేదని ఆయన కొడుకు కూడా మెటా మీద కెన్యాలోనే కేసు వేశాడు. ఎవరో ఒకరు ఆ మలినం ఎత్తాలి. ఎత్తకపోతే మనుషులు చస్తారు. ఎవరో ఒకరు ఎత్తాల్సిన పని అనగానే మనకి గుర్తు రావాల్సింది మన దేశంలో ఆ "ఎవరో" ఎప్పుడూ ఏ కులం వాళ్ళో, అందులో ఆడవాళ్ళెంతమందో. పని అవసరమే కావచ్చు. ఆ అవసరం ఎప్పుడూ ఒకే ఇంటి తలుపు తట్టడం అవసరం కాదు. హైదరాబాద్‌లో కూడా ఫేస్‌బుక్ కోసం ఇదే పని ఒక కాంట్రాక్టు సంస్థ ద్వారా జరుగుతోందని రాయిటర్స్ 2019లో రాసింది. గచ్చిబౌలి వైపు రాత్రి పూట క్యాబుల్లో వెళ్ళే పిల్లల్ని చూసి "సాఫ్ట్‌వేర్" అనేసుకుంటాం. అందరూ ఒకటే సాఫ్ట్‌వేర్ కాదు.

సాహిత్య విద్యార్థినిగా నాకు అన్నిటికంటే బాధ కలిగించేది భాష సంగతి. తెలుగువాళ్ళకి గూగీని పరిచయం చేయక్కర్లేదు, వరవరరావు జైల్లో ఉండి ఆయన పుస్తకాల్ని తెలుగులోకి తెచ్చారు. 1978లో కమిటి జైల్లో గూగీ టాయిలెట్ కాగితాల మీద గికూయు భాషలో నవల రాశాడు. 2025 మేలో చనిపోయేదాకా ఒకటే అడిగాడు, మా భాషలు జ్ఞానానికి పనికిరావా అని. సమాచార సాంకేతికత ఆ భాషల్ని అంతగా పట్టించుకోలేదు. పట్టించుకుని, జీతమిచ్చి, పేరుపేరునా స్వాహిలీ, జులూ, అమ్హారిక్, సోమాలీ తెలిసినవాళ్ళు కావాలని వెతికి పిలిచిన చోటల్లా ఈ మలినం ఎత్తే గది కూడా ఒకటి. మాతృభాషలో తిట్టు ఇంగ్లీషు తిట్టులా చర్మం మీద ఆగదు, లోపలికి దిగుతుంది. అది తెలిసినవాళ్ళే కావాలి ఆ పనికి.

ఆ జైలు నవలలో వరీంగా అనే అమ్మాయి ఉంటుంది. నైరోబీలో టైపిస్టు. యజమాని కోరికకి లొంగనందుకు ఉద్యోగం పోతుంది. ఆమె ముందు పట్టుకున్న యంత్రం టైప్‌రైటరు, అందులో ఆమె కొట్టేవన్నీ ఇతరుల మాటలే. తర్వాత ఇంజనీరింగ్ చదివి, తోటి పనివాళ్ళతో కలిసి గ్యారేజీలో ఇంజన్లు విప్పుతుంది. యంత్రం మీద గూగీకి పేచీ లేదని నేను 2017లో ఎందుకు చూడలేకపోయానో! వరీంగా ఇంజన్ దగ్గర ఉన్నప్పుడే సంతోషంగా ఉంటుంది. కష్టం వచ్చేది ఆ గ్యారేజీ ఉన్న స్థలాన్ని, ఆమె పాత యజమానీ అతని విదేశీ భాగస్వాములూ హోటలు కోసం కొనేసినప్పుడు.

కెన్యాలోనే ఇంకో స్త్రీ ఈ ప్రశ్న నవలలో కాకుండా పార్కులో నిలబడి అడిగింది. 1989లో నైరోబీ మధ్యలోని ఉహురూ పార్కులో అరవై అంతస్తుల భవనం కట్టాలని అధికార పార్టీ తలపెట్టింది. దేశ ప్రగతికి గుర్తు అన్నారు. వంగారి మాథాయ్ అందరికీ ఉత్తరాలు రాసింది. లండన్ హైడ్ పార్కులో ఇలా కట్టనిస్తారా అని బ్రిటిష్ రాయబారిని అడిగింది. పార్లమెంటులో ఆమె విడాకుల గురించి ఎగతాళి చేశారు. ఆఫ్రికా సంప్రదాయంలో మంచి స్త్రీ మగవాళ్ళని గౌరవించి నోరు మూసుకుంటుందని దేశాధ్యక్షుడు మోయీ సెలవిచ్చాడు. ఆ భవనం లేవలేదు. 2004లో ఆమెకి నోబెల్ వచ్చింది గనక ఇప్పుడందరూ ఆమె చెట్ల గురించి మాట్లాడతారు. నాకు గుర్తుండేది ఆ ఉత్తరాలే. భవనం చెడ్డదని ఆమె మొదటి మాటే అనలేదు. ఎవరినడిగి కడుతున్నారు అంది.

మొన్న ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. "ఇప్పుడైనా మా అమ్మ ఉందా అందులో?" అంది. ఉంది గానీ తమ్ముడి అప్పు దగ్గర ఆగిపోయాను, తర్వాత ఏమైంది అనడిగాను. 2019లో చెప్పినప్పుడు సగమే చెప్పింది, సిగ్గుతోనో ఏమో.

వాళ్ళమ్మ ఉన్న పొదుపు సంఘాన్ని అక్కడ చామా అంటారు. వాళ్ళ చామాకి ఒక ఇనప పెట్టె ఉంది, దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులూ ముగ్గురు ఆడవాళ్ళ దగ్గర ఉంటాయి, అధ్యక్షురాలి దగ్గర ఒక్కటి కూడా ఉండదు. ముగ్గురూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది, అదీ అందరి ముందు. ఇలాంటి పెట్టెల పద్ధతి 1991లో నైజర్ దేశంలో మరాడీ దగ్గర పల్లె స్త్రీల సంఘాల్లో కేర్ సంస్థ మొదలుపెట్టింది, తర్వాత చాలా దేశాలకి పాకింది. దీన్ని ఎవరూ సాంకేతికత అనరు, నాకు మాత్రం అనాలనిపిస్తుంది.

యాప్ వాళ్ళ ఫోన్ వచ్చాక వాళ్ళమ్మ రెండు వారాలు చామాకి వెళ్ళలేదట. మూడో వారం అధ్యక్షురాలే ఇంటికొచ్చి తీసుకెళ్ళింది. ఆ మధ్యాహ్నమంతా ఆడవాళ్ళు ఆమెని తిట్టారు. కొడుకుని అదుపులో పెట్టుకోలేదని కాదు, అప్పు కావాలంటే మమ్మల్ని అడగకుండా ఆ ఫోన్‌ని ఎందుకడిగాడని. ఒకామె వాడికి ఇవ్వడానికి వీల్లేదని పట్టుబట్టింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది మరి. ఆమెని ఒప్పించేసరికి చీకటి పడింది. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎన్నాళ్ళలో కట్టాలి అన్నది గట్టిగా చదివి నోటుపుస్తకంలో రాశారు. మూడు తాళాలూ తీశారు.

"తర్వాత ఆ డబ్బు యాప్‌కి ఎలా కట్టారు?" అనడిగాను.

"ఎలాగేమిటి, ఎం-పెసాలోనే" అంది. "నెట్‌వర్క్ లేదు, అమ్మ గుట్టెక్కి పంపింది."